ఒకే పెట్టె, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు – ఏది వేగం?

కంప్యూటర్ స్లో అయిందంటే మన హాస్టల్లో మొదట వినపడే మాట "ఫార్మాట్ కొట్టుమను అన్నా". రెండో మాట "లైనక్స్ ఎయ్యి, రాకెట్ లెక్క పోతది". మూడోది "ఇగ ఇది పనికిరాదు, స్క్రాప్‌కి ఇచ్చెయ్యి". ఈ మూడింటిలో ఏ ఒక్కటీ కొలిచి చెప్పిన మాట కాదు. కొలవకుండా అన్న మాట వల్ల పనికొచ్చే మిషన్ మూలన పడుతుంది, లేదా పనికిరాని ఖర్చు మన నెత్తిన పడుతుంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో, హాస్టల్ కంప్యూటర్ రూమ్ చూసుకుంటున్న మేము కొందరం కలిసి, ఒకే కంప్యూటర్ మీద విండోస్ వేగమా లైనక్స్ వేగమా అనే ప్రశ్నను ఎలా తేల్చుకోవాలో రాస్తున్నాం. బీటెక్ తమ్ముళ్లకు ఇది పాఠం లాగా ఉండొచ్చు. డిగ్రీ, గ్రూప్స్ మిత్రులకు కూడా అర్థమయ్యేలా రాయాలని ప్రయత్నించాం.

ఇప్పుడే ఎందుకంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడకందారులకు అదనపు భద్రతా అప్‌డేట్లు ఇచ్చినా, ఆ గడువు కూడా 2026 అక్టోబర్ వరకే. విండోస్ 11 వేసుకుందామంటే దాని షరతులు వేరు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం మామూలే గానీ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి పైవే దాని జాబితాలో ఉన్నాయి. మన సీనియర్ అన్నలు ఉద్యోగాల్లో చేరాక ప్రేమతో పంపిన సిస్టమ్‌లు ఎక్కువగా మూడో తరం, నాలుగో తరానివి. అంటే షరతుల ప్రకారం చూస్తే గది మొత్తం ఒక్క రోజులో ముసలిదైపోయింది. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాడికి ఇది వార్త మాత్రమే. లేనివాడికి మాక్ టెస్ట్, ప్రాజెక్ట్ రిపోర్ట్, స్కాలర్‌షిప్ అప్లికేషన్ అన్నీ ఈ గదిలోనే జరగాలి. అశోక్ నగర్ నెట్ సెంటర్లో గంటకింత అని ఇచ్చుకుంటూ కూర్చోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటర్‌కి వార్డెన్ సారు లాంటిది. ప్రాసెసర్, మెమరీ, డిస్క్, తెర అనేవి ఉన్న వసతులు. వాటిని ఎవరికి ఎప్పుడు ఎంతసేపు ఇవ్వాలో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్. వార్డెన్ మారితే బియ్యం బస్తాలు పెరగవు. ఉన్న బియ్యం పంచే పద్ధతి మారుతుంది, అంతే. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే, లైనక్స్ వేయగానే పాత మిషన్ కొత్తదైపోతుందనే భ్రమ ఉండదు. వృథా తగ్గితే వచ్చే లాభం ఎంతో కూడా లెక్కకు అందుతుంది.

పోలికలో మొదటి గొడవ

మొన్నామధ్య ఫస్టియర్ తమ్ముళ్లు ఇద్దరు పందెం వేసుకున్నారు. ఒకరు విండోస్‌లో టర్బో సీ మీద, ఇంకొకరు లైనక్స్‌లో జీసీసీ మీద ఒకే సార్టింగ్ ప్రోగ్రామ్ నడిపారు. లైనక్స్ చిత్తుగా గెలిచింది. గది అంతా ఈలలు. కానీ అక్కడ పోటీ పడినవి విండోస్, లైనక్స్ కాదు. టర్బో సీ అనేది డాస్ కాలపు 16 బిట్ సాఫ్ట్‌వేర్. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రామ్‌లను నడపనే నడపదు. అందుకే మన కాలేజీ ల్యాబుల్లో దాన్ని డాస్‌బాక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ లోపల పెట్టి నడిపిస్తారు. డాస్‌బాక్స్ ఒక పాతకాలపు ప్రాసెసర్‌ను అక్షరాలా అనుకరిస్తుంది, దాని నెమ్మదితో సహా. అంటే ఒకడు రోడ్డు మీద పరిగెత్తాడు, ఇంకొకడు గోనెసంచిలో కాళ్లు పెట్టి గెంతాడు. పోలిక కావాలంటే విండోస్‌లో కూడా మింగ్‌డబ్ల్యూ ద్వారా జీసీసీనే వేసి, రెండు చోట్లా ఒకే ఆప్టిమైజేషన్ స్థాయి, అంటే మైనస్ ఓ టూ, ఇచ్చి చూడాలి. విజువల్ స్టూడియో వాడేవాళ్లు డీబగ్ మోడ్‌లో కాకుండా రిలీజ్ మోడ్‌లో కట్టాలి. డీబగ్ మోడ్ తప్పులు వెతకడానికి, పరుగు పందేనికి కాదు.

వేగం పోల్చేముందు జవాబు పోల్చాలి. ఇది చాలామంది పట్టించుకోరు. అందరూ మొదటి సెమిస్టర్‌లో రాసే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామే తీసుకోండి. టర్బో సీలో ఇంట్ అంటే 16 బిట్లు. 32,767 దాటితే లెక్క తప్పుతుంది. 7 ఫ్యాక్టోరియల్ 5,040 కాబట్టి సరిగ్గా వస్తుంది, 8 ఫ్యాక్టోరియల్ 40,320 కాబట్టి తప్పు వస్తుంది. సరే అని లాంగ్ పెట్టి ఈ కాలపు కంపైలర్‌కి వస్తే అక్కడ ఇంకో మెలిక ఉంది. 64 బిట్ విండోస్‌లో లాంగ్ అంటే 32 బిట్లే. 64 బిట్ లైనక్స్‌లో లాంగ్ అంటే 64 బిట్లు. అదే ప్రోగ్రామ్, అక్షరం మార్చకుండా, విండోస్‌లో 12 ఫ్యాక్టోరియల్ దగ్గర ఆగిపోతుంది, లైనక్స్‌లో 20 వరకు సరైన జవాబు ఇస్తుంది. రెండు చోట్లా ఒకే పని జరగాలంటే లాంగ్ లాంగ్ అని రాయాలి. ఒకరు 32 బిట్ల సంఖ్యలు, ఇంకొకరు 64 బిట్ల సంఖ్యలు మోస్తున్నప్పుడు ఎవరు ముందు చేరారని అడగడంలో అర్థం లేదు.

సార్టింగ్ పందెంలోనూ ఇలాంటి దొంగ ఒకడు దాక్కుని ఉన్నాడు. అంకెలు పుట్టించడానికి ర్యాండ్ ఫంక్షన్ వాడతాం కదా. మైక్రోసాఫ్ట్ లైబ్రరీలో అది 0 నుంచి 32,767 వరకే ఇస్తుంది. లైనక్స్‌లో వాడే గ్లిబ్‌సీ లైబ్రరీలో 214 కోట్లు దాటి ఇస్తుంది. పది లక్షల అంకెలు పుట్టిస్తే విండోస్‌లో ఒక్కో అంకె సగటున ముప్పై సార్లు మళ్లీ మళ్లీ వస్తుంది. పాఠ్యపుస్తకంలోని మామూలు క్విక్ సార్ట్‌కి ఇలా రిపీట్ అయ్యే అంకెలు గిట్టవు. కాబట్టి అంకెలను ఒక్కసారి పుట్టించి ఫైల్‌లో దాచి, రెండు చోట్లా అదే ఫైల్ ఇవ్వండి.

రెండు గడియారాలు

ఇంకా పెద్ద తిరకాసు గడియారంలోనే ఉంది. సీ భాషలో సమయం కొలవడానికి ల్యాబులో నేర్పేది క్లాక్ ఫంక్షన్. ఒకే పేరు, ఒకే బ్రాకెట్లు. కానీ లైనక్స్‌లో అది ప్రాసెసర్ మీ ప్రోగ్రామ్ కోసం నిజంగా పనిచేసిన సమయాన్ని చెప్తుంది. విండోస్‌లో ప్రోగ్రామ్ మొదలైనప్పటి నుంచి గోడ గడియారం ప్రకారం గడిచిన సమయాన్ని చెప్తుంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి కోఠికి వెళ్లడానికి ఎంతసేపు పట్టిందంటే ఒకరు బస్సు చక్రం తిరిగిన నిమిషాలే లెక్కపెట్టారు, ఇంకొకరు నారాయణగూడ సిగ్నల్ దగ్గర ఆగిన సమయాన్నీ కలిపారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి ఎవరి బస్సు స్పీడు అంటే మాత్రం అబద్ధమవుతుంది. మధ్యలో స్కాన్‌ఎఫ్ పెట్టి మీరు అంకె టైప్ చేయడానికి పది సెకన్లు తీసుకుంటే, విండోస్ ఆ పది సెకన్లనూ మీ ప్రోగ్రామ్ ఖాతాలో రాస్తుంది, లైనక్స్ రాయదు. సీ ప్లస్ ప్లస్ వచ్చినవాళ్లు క్రోనో లైబ్రరీలోని స్టెడీ క్లాక్ వాడితే రెండు చోట్లా అర్థం ఒకటే. లైనక్స్‌లో టైమ్ అనే కమాండ్ మూడు అంకెలు ఇస్తుంది: రియల్, యూజర్, సిస్. గడిచిన సమయం రియల్, మీ కోడ్ వాడుకున్న ప్రాసెసర్ సమయం యూజర్, మీ తరఫున ఆపరేటింగ్ సిస్టమ్ పనిచేసిన సమయం సిస్. రియల్ పెద్దగా ఉండి మిగతా రెండూ చిన్నవిగా ఉంటే ప్రోగ్రామ్ దేనికోసమో ఎదురుచూస్తోందని అర్థం. ఆ దేనికోసం అన్నది కనిపెట్టడమే సగం వైద్యం.

చాలాసార్లు ఆ ఎదురుచూపు తెర కోసమే. లక్ష లైన్లు ప్రింట్‌ఎఫ్ చేసే ప్రోగ్రామ్‌ను కొలిచి సిస్టమ్ స్లో అంటే, మీరు కొలిచింది తెర మీద అక్షరాలు గీసే వేగాన్ని. విండోస్ పాత కన్సోల్ ఈ పనిలో చాలా నెమ్మది. అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి మళ్లించి మళ్లీ కొలవండి, కథ మారిపోతుంది. సీ ప్లస్ ప్లస్‌లో ప్రతి లైన్‌కి ఎండ్‌ఎల్ పెట్టడం కూడా ఇలాంటిదే. ఒక్కో అక్షరానికి ఒక్కో పోస్టు కవరు రాసినట్టు. మామూలు న్యూలైన్ గుర్తు చాలు.

ఇక బూటింగ్ విషయం. "విండోస్ ఇరవై లెక్కపెట్టే లోపల ఆన్ అయితది, లైనక్స్ లేట్" అని ఒక బ్యాచ్ వాదన. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా పడుకోదు. కెర్నల్ స్థితిని డిస్క్ మీద రాసిపెట్టుకుని, మళ్లీ ఆన్ చేస్తే అక్కడి నుంచి లేస్తుంది. లైనక్స్ మొదటి నుంచి లేస్తుంది. రెంటినీ సమానంగా చూడాలంటే విండోస్‌లో షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ కొట్టి కొలవాలి. లాగిన్ తెర రాగానే స్టాప్‌వాచ్ ఆపొద్దు. బ్రౌజర్ తెరిచి ఒక పేజీ పూర్తిగా కనిపించేదాకా ఆగండి. తెర చూపించి వెనకాల ఇంకా సర్దుకుంటూ ఉండే అలవాటు అన్ని సిస్టమ్‌లకూ ఉంది. ఒకే కంప్యూటర్‌లో రెండూ వేసుకున్నవాళ్లు ఈ ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయడమే మంచిది. లేకపోతే విండోస్ డ్రైవ్‌లోని ఫైళ్లను లైనక్స్ నుంచి మార్చబోతే ఒప్పుకోదు.

రెండోసారి తెరిస్తే ఏ ప్రోగ్రామైనా త్వరగా తెరుచుకుంటుంది, ఎందుకంటే మొదటిసారి చదివిన ఫైళ్లను రెండు సిస్టమ్‌లూ ఖాళీ ర్యామ్‌లో దాచుకుంటాయి. కాబట్టి విండోస్‌ను మొదటి పరుగులో, లైనక్స్‌ను మూడో పరుగులో కొలిస్తే న్యాయం కాదు. ఐదారుసార్లు నడిపి, అంకెల్ని వరసగా పేర్చి మధ్యలోది తీసుకోండి. సగటు కన్నా అది నమ్మదగ్గది, ఒక్కసారి మధ్యలో అప్‌డేట్ వచ్చి ఆలస్యమైనా లెక్క చెడదు.

హైదరాబాద్ మే నెలను కూడా లెక్కలో వేసుకోవాలి. ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒక సిస్టమ్‌ని, మధ్యాహ్నం రెండింటికి ఇంకోదాన్ని పరీక్షిస్తే మీరు పోల్చింది సూర్యుణ్ణి. లోయర్ ట్యాంక్ బండ్ రోడ్డు దుమ్ము మన కిటికీల్లోంచి నేరుగా ఫ్యాన్‌లోకే వస్తుంది. మూత విప్పి, దుమ్ము ఊడ్చి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చడం అనేది ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందు చేయాల్సిన ట్యూనింగ్. ఖర్చు కూడా తక్కువ.

అసలు జబ్బు ఎక్కడ?

కొలవడం వచ్చాక మన గదిలోని పాత మిషన్లను చూస్తే, జబ్బు ప్రాసెసర్‌లో ఉన్నవి తక్కువ. ఎక్కువగా ర్యామ్‌లోనో డిస్క్‌లోనో ఉంటుంది. మన మెస్ వంటగది తలుచుకోండి. పొయ్యి పక్కన గట్టు ఉంటుంది, అది ర్యామ్. వెనకాల స్టోర్ రూమ్ ఉంటుంది, అది డిస్క్. గట్టు మీద చోటున్నంతసేపు వంట చకచకా సాగుతుంది. గట్టు నిండిపోతే అన్నం గిన్నె స్టోర్‌లో పెట్టి పప్పు గిన్నె తేవాలి, మళ్లీ పప్పు పెట్టి అన్నం తేవాలి. వంటమనిషి ఎంత చురుకైనా ఏం లాభం, నడవడమే సరిపోతుంది. దీన్నే విండోస్‌లో పేజ్ ఫైల్ అని, లైనక్స్‌లో స్వాప్ అని అంటారు.

స్టోర్ రూమ్ ఎంత దూరమో లెక్క వేద్దాం. పాత హార్డ్ డిస్క్ నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120 సార్లు. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అరచుట్టు, 4 మిల్లీసెకన్లు పైన. తల కావలసిన గాడి దగ్గరికి జరగడానికి ఇంకో 8 మిల్లీసెకన్ల దాకా. మొత్తం 12 అనుకుందాం. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ తెరవడానికి డిస్క్ మీద అక్కడొకటి ఇక్కడొకటి రెండు వేల ముక్కలు చదవాల్సి వచ్చిందనుకోండి, 24 సెకన్లు. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, ఒక్కో ముక్కకు సుమారు 0.1 మిల్లీసెకను. అవే రెండు వేల ముక్కలు 0.2 సెకన్లు. ఈ తేడాను ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మార్పూ తేలేదు. అందుకే మా మాట ఇది: హార్డ్ డిస్క్ ఉన్న మిషన్‌లో విండోస్, లైనక్స్ అని కొట్టుకోవడం కన్నా ముందు చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి పెట్టాలి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోతే దొరకని ముక్క లేదు. ర్యామ్ కొనేటప్పుడు మాత్రం పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లండి. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని చోట ఒకటి పట్టవు, గాట్లు వేరు.

జబ్బు ర్యామ్‌దా డిస్క్‌దా అని తెలుసుకోవడం కష్టమేం కాదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. సిస్టమ్ నీరసించినప్పుడు అందులో డిస్క్ నూరు శాతం దగ్గర ఉండి, ప్రాసెసర్ పది ఇరవై దగ్గర కునుకు తీస్తుంటే సంగతి అర్థమైనట్టే. మెమరీ కూడా నిండుగా ఉంటే ముందు ర్యామ్ పెంచాలి. లైనక్స్‌లో ఫ్రీ అనే కమాండ్ చాలు. అందులో ఫ్రీ అనే గడిలో చిన్న అంకె చూసి "లైనక్స్ ర్యామంతా తినేసింది" అని భయపడేవాళ్లు చాలామంది. అది ఖాళీగా ఉన్న చోటులో ఫైళ్లను దాచుకుంది అంతే, అడిగితే ఇచ్చేస్తుంది. చూడాల్సింది అవైలబుల్ అనే గడి.

ఇప్పుడు రెండు సిస్టమ్‌ల మధ్య నిజంగా ఉన్న తేడాలకు వద్దాం. పాత మిషన్‌లో విండోస్ 10 ఆన్ కాగానే వెనకాల అప్‌డేట్, ఇండెక్సింగ్, డిఫెండర్ లాంటి పనులు చాలా మొదలవుతాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ లాంటి తేలిక డెస్క్‌టాప్‌తో వచ్చే లైనక్స్‌లు ఖాళీగా ఉన్నప్పుడు చాలా తక్కువ ర్యామ్‌తో సరిపెట్టుకుంటాయి. 4 జీబీ మిషన్‌లో ఆ మిగులు ప్రాణం పోసినట్టే ఉంటుంది. కానీ బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిస్తే ఆ మిగులు ఐదు నిమిషాల్లో ఆవిరి. బ్రౌజర్ ఆకలి ఏ సిస్టమ్ మీదైనా బ్రౌజర్ ఆకలే.

చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉండే పనుల్లో, అంటే పెద్ద ప్రాజెక్టులు కంపైల్ చేయడం, గిట్ వాడడం లాంటి వాటిలో లైనక్స్ ముందుంటుంది. ఇందుకు కారణాలున్నాయి. విండోస్‌లో కొత్త ప్రాసెస్ పుట్టించడం ఖరీదైన పని, లైనక్స్‌లో చవక. విండోస్‌లో ఫైల్ తెరిచిన ప్రతిసారీ డిఫెండర్ తనిఖీ చేస్తుంది, గేటు దగ్గర వాచ్‌మెన్ ప్రతి ఒక్కరి సంచీ విప్పి చూసినట్టు. మీ ప్రాజెక్ట్ ఫోల్డర్ ఒక్కదాన్ని తనిఖీ నుంచి మినహాయిస్తే వేగం పెరుగుతుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను మాత్రం ఎప్పుడూ మినహాయించొద్దు, పెన్‌డ్రైవ్‌లు చేతులు మారే మన గదిలో అసలే వద్దు. విండోస్ లోపలే డబ్ల్యూఎస్ఎల్ 2 పెట్టుకుని లైనక్స్ నడిపేవాళ్లు ప్రాజెక్టును లైనక్స్ వైపు ఫోల్డర్‌లోనే ఉంచండి. సీ డ్రైవ్‌లో పెట్టి లైనక్స్ నుంచి చదివితే ప్రతి ఫైలూ గోడ దాటి రావాలి, చాలా ఆలస్యం.

అన్నిట్లోనూ లైనక్సే ముందు అనుకోవద్దు. వీడియో పాఠాలు చూసేటప్పుడు ఫ్యాన్ రయ్యిమని తిరగడం అందరికీ అనుభవమే. యూట్యూబ్ వీపీ9, ఏవీ1 అనే కొత్త పద్ధతుల్లో వీడియో పంపుతుంది. పాత గ్రాఫిక్ చిప్‌లకు హెచ్.264 మాత్రమే సొంతంగా విప్పడం వచ్చు. రానిదాన్ని ప్రాసెసరే మోయాలి. ఈ విషయంలో లైనక్స్ వేసినంత మాత్రాన లాభం లేదు, కొన్నిసార్లు డ్రైవర్ సరిగా కుదరక నష్టం కూడా. 480 లేదా 720 నాణ్యతకు తగ్గించుకోండి, పాఠం బోర్డు మీద అక్షరాలు బాగానే కనిపిస్తాయి. లేదా హెచ్.264లోనే పంపమని యూట్యూబ్‌ని అడిగే ఉచిత బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి.

అసలు ఏ సిస్టమ్ వేయాలో కొన్నిచోట్ల వేగం కాదు, పని తేలుస్తుంది. చిక్కడపల్లి డీటీపీ సెంటర్లో తెలుగు పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7 అనేది 2001 నాటి సాఫ్ట్‌వేర్. దానితో వాడే అనూ ఫాంట్లు విండోస్ కోసం చేసినవి. ఆ పని చేసేవారికి లైనక్స్ వేగం ఎంతున్నా అక్కరకు రాదు. మన గదిలో కూడా ఒక మిషన్ విండోస్‌తోనే ఉంచాం, అయితే దాన్ని ఇంటర్నెట్ నుంచి తీసేశాం. అప్‌డేట్లు రాని సిస్టమ్‌లో ఎవరూ బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టకూడదు.

లైనక్స్ అంటే ఇంగ్లీషు కమాండ్లు కంఠస్థం చేయాలేమో అనే జంకు గ్రామాల నుంచి వచ్చిన తమ్ముళ్లలో ఎక్కువ. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది లైనక్స్ కెర్నలే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో అన్నీ లైనక్స్ మీద నడిచేవే. తెలుగులో మెనూలు ఉండాలనే పట్టుదలతో 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. కేరళ ప్రభుత్వం ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు ద్వారా తన పాఠశాలల కంప్యూటర్లను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చింది. అక్కడి పదో తరగతి పిల్లలకు వచ్చింది మనకు రాకపోదు. పాత 32 బిట్ ప్రాసెసర్లు ఉన్నవాళ్లు మాత్రం ఒకటి గమనించండి: 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13తో ఆ మిషన్లకు ఇన్‌స్టాలర్ ఆగిపోయింది, డెబియన్ 12 వరకే ఉంది. అలాంటి మిషన్ మీద డబ్బు పెట్టకండి. దాన్ని విప్పి లోపలి భాగాలు నేర్చుకోవడానికి వాడుకోండి.

రిజిస్ట్రీ క్లీనర్లు, ర్యామ్ బూస్టర్లు, ఒక క్లిక్‌తో వేగం అనే సాఫ్ట్‌వేర్లు వేయొద్దు. అవి తినే ర్యామ్ అవి మిగిల్చే ర్యామ్ కన్నా ఎక్కువ. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి ఉంటే ఇద్దరు వాచ్‌మెన్లు ఒకరినొకరు సోదా చేసుకున్నట్టే. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అనే చోటికి వెళ్లి, తెలియకుండా మొదలయ్యే వాటిని ఆపేస్తే అంతకన్నా లాభం. లైనక్స్‌లో ర్యామ్ తక్కువున్నవాళ్లు జడ్‌ర్యామ్ ఆన్ చేసుకోవచ్చు. అది స్టోర్ రూమ్‌కి పరుగెత్తకుండా గట్టు మీదే గిన్నెలు ఒకదానిలో ఒకటి పేర్చినట్టు, డేటాను కుదించి ర్యామ్‌లోనే ఉంచుతుంది. కుదించే పని ప్రాసెసర్‌ది. మన మిషన్లలో ప్రాసెసర్ ఎలాగూ ఖాళీగానే ఉంటుంది కాబట్టి బేరం మంచిదే.

కంప్యూటర్ రూమ్‌లో తలుపు పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ వేలాడదీశాం. ఒక్కో మిషన్‌కి ఒక పేజీ. ఏ ప్రాసెసర్, ఎంత ర్యామ్, ఏ డిస్క్, ఏ సిస్టమ్, ఏ తేదీన ఏ పని ఎన్ని సెకన్లు పట్టిందో రాయాలి. మార్పు చేస్తే ఒకసారికి ఒక్కటే చేయాలి, ముందు ఒక కొలత, తర్వాత ఒక కొలత. ర్యామ్, ఎస్ఎస్‌డీ, లైనక్స్ మూడూ ఒకే రోజు మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో ఎవరికీ తెలియదు. కొలత రాయకుండా "స్లో" అని మాత్రమే రాసిన ఫిర్యాదును మానిటర్ చూడడు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మీ ఆఫీసుల్లో, ఇళ్లల్లో మూలన పడిన డీడీఆర్3 ర్యామ్ ముక్కలు, 120 జీబీ అయినా సరే ఎస్ఎస్‌డీలు ఉంటే పంపండి. మొత్తం సిస్టమ్ కన్నా అవే మాకు ఎక్కువ పనికొస్తాయి. ఇచ్చే ముందు అందులోని మీ ఫైళ్లను డిలీట్ చేయడం కాకుండా డిస్క్‌ను పూర్తిగా చెరిపి ఇవ్వండి. డిలీట్ చేసినవి తిరిగి తీయడం ఇక్కడ సెకండియర్ వాళ్లకు కూడా వచ్చు. ల్యాప్‌టాప్ ఇస్తే దాని చార్జర్ మర్చిపోవద్దు.